ఆ కాగితం మీద నేనెందుకు సంతకం పెట్టలేదంటే

మొన్న సెప్టెంబరులో మా వాడి స్కూలు జట్టు ఒక ప్రైవేటు కాథలిక్ స్కూలు చేతిలో 49-7తో ఓడిపోయింది. నేను చెప్తున్నది అమెరికన్ ఫుట్‌బాల్ గురించి, బంతి చంకలో పెట్టుకుని పరిగెత్తే ఆట. మేముండేది దక్షిణ కాలిఫోర్నియాలో, ఆరెంజ్ కౌంటీలో. మా వాడిది పబ్లిక్ స్కూలు, అంటే ఇంటి అడ్రసును బట్టి సీటు ఇచ్చే ప్రభుత్వ బడి. పదకొండో తరగతి, జట్టులో లైన్‌మన్. లైన్‌మన్‌కి బంతి ముట్టుకునే పని దాదాపు ఉండదు, ఎదురుగా దూసుకొచ్చేవాణ్ణి ఆపడమే పని. ఆ రాత్రి వాడి ముందు నిలబడ్డ కుర్రాడు వాడికన్నా పాతిక ముప్ఫై కిలోలు ఎక్కువ ఉంటాడు, అయినా వాడికన్నా వేగంగా కదులుతున్నాడు. మూడో క్వార్టర్లో మా ఆవిడ "ఇంక నావల్ల కాదండీ" అని లేచి వెళ్ళి కార్లో కూర్చుంది.

మర్నాడు తోటి తల్లిదండ్రులు కొందరు ఒక వినతిపత్రం తయారుచేశారు. ప్రైవేటు స్కూళ్ళను పబ్లిక్ స్కూళ్ళతో కలిపి ఆడించొద్దు, వాళ్ళ ప్లేఆఫ్స్, అంటే సీజన్ చివర టైటిలు కోసం ఆడే మ్యాచ్‌లు, వాళ్ళకి వేరే పెట్టండి అని అందులో రాశారు. దాన్ని మా ఇంటికి తెచ్చింది మన తెలుగాయనే, వాళ్ళబ్బాయి కూడా అదే జట్టులో ఆడతాడు. "మీరు కూడా పెట్టెయ్యండన్నా, మన పిల్లల ఎముకలు మిగలాలి కదా" అన్నాడు. ఆయన కోపంలో అబద్ధం లేదు. కానీ నేను పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో ఆ పూట గుమ్మంలో నిలబడి సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే ఇదంతా.

ముందు ఇక్కడి సంగతి తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. మా ప్రాంతంలో ట్రినిటీ లీగ్ అని ఒకటుంది. ఆరు స్కూళ్ళు, ఆరూ ప్రైవేటు, ఆరూ క్రైస్తవ స్కూళ్ళే: శాంటా ఆనాలో మేటర్ డై, బెల్‌ఫ్లవర్‌లో సెయింట్ జాన్ బాస్కో, అనహైమ్‌లో సర్వైట్, ఆరెంజ్ లూథరన్, జేసెర్రా, శాంటా మార్గరీటా. దేశం మొత్తంలో ఇంతకన్నా కష్టమైన హైస్కూల్ లీగు లేదని చాలామంది అంటారు, నేనూ అదే అంటాను. కాలేజీ ఫుట్‌బాల్లో అందరికన్నా గొప్ప ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ మేటర్ డైలో చదివిన ముగ్గురికి వచ్చింది: 1964లో జాన్ హుయార్టే, 2004లో మాట్ లైనార్ట్, 2021లో బ్రైస్ యంగ్. శాంటా మార్గరీటాలో చదివిన కార్సన్ పామర్‌కి 2002లో వచ్చింది, ఆయనే 2025లో తన పాత స్కూలుకి హెడ్ కోచ్‌గా తిరిగొచ్చాడు. ఒక్కో ఏడాది ఫీజు దాదాపు 20 వేల డాలర్లు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. ఇంటి అడ్రసుతో సంబంధం లేదు. గంటన్నర దూరం నుంచి పొద్దున్నే అయిదింటికి లేచి వచ్చే పిల్లలున్నారు.

ఆటలన్నిటినీ నడిపేది కాలిఫోర్నియా ఇంటర్‌స్కొలాస్టిక్ ఫెడరేషన్, 1914 నుంచి ఉంది, అందరూ సీఐఎఫ్ అంటారు. రాష్ట్రాన్ని పది సెక్షన్లుగా విడగొట్టారు, మాది సదరన్ సెక్షన్. 500కి పైగా స్కూళ్ళున్న సెక్షన్ కాబట్టి ప్లేఆఫ్స్ డివిజన్లుగా జరుగుతాయి. 2016 వరకూ ఏ లీగు ఏ డివిజన్లో ఆడాలన్నది లీగుల వారీగా తేల్చేవాళ్ళు, అందుకని బలహీనమైన జట్టు కూడా తన లీగు ఎక్కడుంటే అక్కడికి వెళ్ళి తన్నులు తినాల్సి వచ్చేది. 2016లో అది మార్చి, ఏ స్కూలుకి ఆ స్కూలు ఎంత బలంగా ఆడుతోందో, ఎలాంటి జట్ల మీద ఆడిందో చూసి డివిజన్ ఇవ్వడం మొదలుపెట్టారు. పబ్లిక్కా ప్రైవేటా అని చూడరు. మూడు వేలమంది చదివే స్కూలైనా, వెయ్యిమంది కూడా లేని స్కూలైనా, ఎంత బాగా ఆడితే అంత పైన పడతారు. సర్వైట్ అబ్బాయిల స్కూలు, వెయ్యిలోపే ఉంటారు, అయినా దాన్ని చిన్నబడి అని కింద కూర్చోబెట్టరు.

ఆ పద్ధతి వచ్చాక పైన ఏమైందో చెప్తే వినతిపత్రం రాసినవాళ్ళ బాధ అర్థమవుతుంది. 2016 నుంచి 2024 దాకా అన్నిటికన్నా పైదైన డివిజన్ 1 టైటిలు మేటర్ డై, సెయింట్ జాన్ బాస్కో తప్ప ఇంకెవరికీ రాలేదు. 2020లో కోవిడ్ వల్ల ప్లేఆఫ్స్ లేవు, మిగతా ప్రతి ఏడాదీ ఆ ఇద్దరిలో ఒకరే. ఒకే ఒక్కసారి, 2021లో, ఫైనల్లో మేటర్ డైకి ఎదురుగా సర్వైట్ వచ్చింది, అదీ ట్రినిటీ లీగే. మిగతావన్నీ వీళ్ళిద్దరి మధ్యే. అవి గొప్ప ఆటలు, అందులో సందేహం లేదు. 2019లో బాస్కో 28-5తో వెనకబడి 39-34తో గెలిచింది, 2022లో రోజ్ బౌల్ స్టేడియంలో 24-22తో. కానీ కొరోనా అనే ఊళ్ళోనో మిషన్ వియెహోలోనో పబ్లిక్ స్కూల్లో నాలుగేళ్ళు చెమటోడ్చిన పిల్లాడి వైపు నుంచి చూస్తే, ఆ తలుపు మూసే ఉన్నట్టుంటుంది. సెంటెనియల్ అని కొరోనాలో ఒక పబ్లిక్ స్కూలుంది, కోచ్ మాట్ లోగన్ దశాబ్దాలుగా అక్కడే ఉన్నాడు. 2015లో వాళ్ళు రాష్ట్రం మొత్తంలో అన్నిటికన్నా పైదైన ఓపెన్ డివిజన్ ఫైనల్లో ఉత్తర కాలిఫోర్నియా ప్రైవేటు స్కూలు డి లా సాల్‌ని 62-52తో కొట్టారు. ఆ తర్వాత 2024 వరకూ ఏ పబ్లిక్ స్కూలుకీ ఆ కప్పు దక్కలేదు.

ఇంత తెలిసీ వేరే పెట్టొద్దని ఎలా అంటావు అని కాగితం తెచ్చిన మా మిత్రుడు అడిగాడు.

2021 అక్టోబరులో ఇంగిల్‌వుడ్ హైస్కూలు, మార్నింగ్‌సైడ్ హైస్కూలు మీద 106-0తో గెలిచింది. రెండూ పబ్లిక్ స్కూళ్ళే, రెండూ ఒకే ఊళ్ళో ఒకే స్కూల్ డిస్ట్రిక్ట్ కింద నడిచినవి. 104-0 దగ్గర ఉండి కూడా, టచ్‌డౌన్ తర్వాత మామూలుగా కొట్టే ఒక పాయింటు కిక్ కొట్టకుండా రెండు పాయింట్ల కోసం ఆడారు. ఆ రాత్రి అవతల నిలబడ్డ మార్నింగ్‌సైడ్ పిల్లల్ని వినతిపత్రం ఏ రకంగా కాపాడేది? ఇంకొకటి, 2018లో బాల్టిమోర్‌లో జరిగింది. సెయింట్ ఫ్రాన్సిస్ అకాడమీ అని నల్లజాతి పిల్లల కోసం 1828లో మొదలైన కాథలిక్ స్కూలు, దాని జట్టు 2017లో లీగు మొత్తాన్ని చిత్తుచేసింది. మరుసటి ఏడాది ఆ లీగులోని మిగతా స్కూళ్ళు, అవన్నీ ప్రైవేటే, చాలావరకు వాళ్ళకన్నా డబ్బున్నవే, మా పిల్లలకి ప్రమాదం అని చెప్పి వాళ్ళతో ఆడబోమన్నాయి. అంటే ప్రైవేటు వాళ్ళందర్నీ ఒకచోట పెట్టినా అందులో మళ్ళీ ఇదే గొడవ మొదలవుతుంది. గీత గీయాల్సింది బలానికీ బలహీనతకీ మధ్య. మన దగ్గర ఇప్పటికే ఆ గీత ఉంది, 2016 నుంచి.

వేరే రాష్ట్రాల్లో రకరకాలుగా చేసి చూశారు. ఇల్లినాయ్‌లో ప్రైవేటు స్కూలు పిల్లల సంఖ్యని 1.65తో, అలబామాలో 1.35తో హెచ్చవేసి, ఎక్కువమంది చదివే పెద్ద స్కూళ్ళ వర్గంలోకి నెట్టే పద్ధతి పెట్టారు. న్యూజెర్సీలో ప్రైవేటు స్కూళ్ళకి టైటిలే వేరు, ఎడిసన్‌లో ఉండే మనవాళ్ళకి డాన్ బాస్కో ప్రెప్, బర్గెన్ కాథలిక్ పేర్లు తెలిసే ఉంటాయి. టెక్సస్‌లో ప్రైవేటు వాళ్ళది వేరే సంస్థ, డల్లాస్‌లో ఒకటీ హ్యూస్టన్‌లో ఒకటీ రెండు జెస్యూట్ కాథలిక్ స్కూళ్ళు మాత్రం పబ్లిక్ వాళ్ళతో అన్నిటికన్నా పెద్ద స్కూళ్ళ వర్గంలో ఆడతాయి, ఆడి చాలాసార్లు ఓడతాయి కూడా. ఆ రెండింటి మీద నాకు గౌరవం. కష్టమైన చోట నిలబడి ఆడే ప్రైవేటు జట్టుకీ, తేలికైన కప్పుల కోసం చోటు వెతుక్కునే ప్రైవేటు జట్టుకీ తేడా ఉంది, మనం కోపం తెచ్చుకునేటప్పుడు ఆ తేడా చూడాలి.

ట్రినిటీ లీగులో కింద ఉన్న జట్ల సంగతి ఎవరూ మాట్లాడరు. ఆరెంజ్ లూథరన్‌లోనో జేసెర్రాలోనో ఆడే కుర్రాడికి అక్టోబరు అంటే వరసగా అయిదు వారాలు అలాంటి జట్లే. వేరే ఏ లీగులో ఉన్నా ఎదురు లేకుండా గెలిచే జట్టు ఇక్కడ లీగులో ఒకటో రెండో గెలిచి సరిపెట్టుకుంటుంది. వాళ్ళు తేలికైన లీగు అడగొచ్చు, అడగట్లేదు. వాళ్ళ పిల్లల మోకాళ్ళూ మోకాళ్ళే కదా.

ఇప్పుడు నా సొంత సంగతి. ఈ వ్యాసంలో నాకు రాయడానికి కష్టంగా ఉన్న భాగం ఇదే.

నేను తెనాలి దగ్గర ఒక ఊళ్ళో జిల్లా పరిషత్ హైస్కూల్లో చదువుకున్నాను. పదో తరగతిలో 600కి 541 వచ్చాయి, మా బడి పుట్టాక అంత మార్కులు అప్పటిదాకా ఎవరికీ రాలేదు. రిజల్ట్స్ వచ్చిన మూడో రోజు ఒక కార్పొరేట్ జూనియర్ కాలేజీ మనిషి మోటారు సైకిలు మీద మా ఇంటికొచ్చాడు. ఫీజు లేదు, హాస్టలు ఖర్చు లేదు, పుస్తకాలు కూడా వాళ్ళవే అన్నాడు. మా నాన్నగారు కౌలు రైతు. ఆయన ఆ మనిషికి మజ్జిగ ఇచ్చి, లోపలికొచ్చి అమ్మతో రెండు నిమిషాలు మాట్లాడి, బయటికొచ్చి సరే అన్నారు. నన్నెవరూ అడగలేదు, అడిగినా నేనూ సరే అనేవాణ్ణే. మా లెక్కల మాస్టారు మాత్రం, నన్ను ఊళ్ళోనే ఉంచి పక్క ఊరి ప్రభుత్వ కాలేజీలో చేర్పించి సాయంత్రాలు తనే చెప్తానని అప్పటికే అనుకున్నారు, ఆయన మొహం నాకు ఇప్పటికీ గుర్తు. "వెళ్ళరా, వెళ్ళాలి" అన్నారు, అంతే.

వెళ్ళాను. అక్కడ వారం వారం పరీక్ష, మార్కుల్ని బట్టి సెక్షన్ మార్చేవాళ్ళు. పై సెక్షన్‌కి మంచి లెక్చరర్లు, కింది సెక్షన్లకి నిన్నగాక మొన్న పాసైనవాళ్ళు. నాకు ఎంసెట్‌లో మంచి ర్యాంకు వచ్చింది, బస్టాండు ముందు ఫ్లెక్సీ మీద నా ఫొటో వేశారు. నా పక్క మంచం మీద పడుకునే కుర్రాడు కూడా నాలాగే ఉచితంగా తెచ్చుకున్నవాడే, మొదటి ఏడాది సగంలో టైఫాయిడ్ వచ్చి మార్కులు పడిపోయాయి, రెండో ఏడాది ఫీజు కట్టమన్నారు. వాళ్ళ నాన్న వచ్చి ట్రంకు పెట్టె తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు నేను పరీక్ష రాస్తున్నాను.

అందుకే బంతి విసిరి ఆట నడిపించే మేటర్ డై క్వార్టర్‌బ్యాక్‌ని చూసి "కొనుక్కొచ్చినవాడు" అని పక్కనెవరైనా అంటే నాకు మింగుడుపడదు. నేనూ అలా వెళ్ళినవాణ్ణే. పద్నాలుగేళ్ళ పిల్లాడికి మంచి కోచ్, మంచి వెయిట్ రూమ్, కాలేజీ వాళ్ళ కళ్ళలో పడే అవకాశం చూపించి రమ్మంటే, వాళ్ళ అమ్మా నాన్నా లోపలికెళ్ళి రెండు నిమిషాలు మాట్లాడుకుని సరే అంటే, తప్పు వాళ్ళది ఎలా అవుతుంది? ఇక్కడి పిల్లల్లో ఎంతోమంది కాంప్టన్ నుంచీ లాంగ్ బీచ్ నుంచీ శాంటా ఆనా నుంచీ వచ్చినవాళ్ళు. ఫుట్‌బాల్ స్కాలర్‌షిప్ రాకపోతే నాలుగేళ్ళ యూనివర్సిటీ చదువు వాళ్ళలో చాలామందికి అందే ఖరీదు కాదు. ఐర్వైన్‌లో ఇల్లు కొనుక్కుని, ఆ ఇంటి అడ్రసుతో మంచి పబ్లిక్ స్కూలు సంపాదించుకున్న మనం, స్కూలు కోసం దూరం నుంచి వచ్చిన పిల్లాణ్ణి తప్పు పట్టడం నాకు న్యాయంగా అనిపించదు. మనం కూడా స్కూలు రేటింగులు చూసే కదా ఇల్లు వెతికింది. అడ్రసు కొనుక్కోవడం ఒప్పు, ఫీజు సాయం తీసుకోవడం తప్పు అని ఎలా అంటాం?

అలాగని ప్రైవేటు స్కూళ్ళు చేసేదంతా బాగుందని కాదు నేననేది. నాకు అసలు కోపం వచ్చే చోటు వేరే ఉంది. సీఐఎఫ్ రూలు ప్రకారం ఆట కోసం పిల్లాణ్ణి పిలవకూడదు, ఆశ పెట్టకూడదు, దాన్ని అన్‌డ్యూ ఇన్‌ఫ్లుయెన్స్ అంటారు. కుటుంబం నిజంగా ఇల్లు మారితే వెంటనే ఆడొచ్చు, ఇల్లు మారకుండా స్కూలు మారితే సీజన్లో సగం దాకా కూర్చోవాలి. కాగితం మీద చక్కటి రూలు. అందుకే దొంగ అడ్రసులు పుట్టాయి. 2025లో టోరెన్స్‌లో ఒక కాథలిక్ స్కూల్లో ట్రాన్స్‌ఫర్ కాగితాల గొడవ బయటపడి, రెండు డజన్లమంది పిల్లలు ఆడటానికి అనర్హులై, చివరికి సెప్టెంబరులో సీజన్ మొత్తం రద్దయింది. అదే ఏడాది లాంగ్ బీచ్‌లో ఒక పబ్లిక్ స్కూల్లోనూ కాగితాల విషయంలో పిల్లలు ఆగిపోయారు. రెండుచోట్లా కాగితాలు నింపించింది పెద్దవాళ్ళు, సీజన్ పోయింది పిల్లలకి. పన్నెండో తరగతి పిల్లాడికి పోయిన సీజన్ మళ్ళీ రాదు.

ఇంకా పెద్ద బాధ బెంచి. పెద్ద ప్రైవేటు జట్టులో నూటికి పైగా పిల్లలుంటారు, ఒక్కో స్థానానికి ముగ్గురు నలుగురు, ప్రతివాడూ తన పాత స్కూల్లో మొనగాడే. ఏప్రిల్లో ఇంకెక్కడి నుంచో ఒక ట్రాన్స్‌ఫర్ వస్తాడు, ఏడాదిగా తన వంతు కోసం చూస్తున్నవాడు మళ్ళీ వెనక్కి పోతాడు. కొందరు ఇంకో స్కూలుకి వెళ్తారు, నాలుగేళ్ళలో మూడు స్కూళ్ళు మారినవాళ్ళు నాకే ఇద్దరు తెలుసు. ఒకడు శని ఆదివారాల్లో మా వాడి జిమ్‌కే వస్తాడు. నిదానంగా మాట్లాడే కుర్రాడు. తన హిస్టరీ క్రెడిట్లు కొత్త స్కూల్లో సరిపోలేదని, వేసవిలో మళ్ళీ చదవాలని చెప్పాడు. ఆట గురించి ఒక్క మాట అనలేదు. నాకు ఆ ట్రంకు పెట్టె గుర్తొచ్చింది.

కాబట్టి నేను అడిగేది ఇది, మా మిత్రుడికీ ఇదే రాసి ఇచ్చాను. ప్రైవేటు జట్లు కష్టమైన డివిజన్లోనే, అందరితో కలిసే ఆడనివ్వండి, గెలిచేంత బలం ఉన్న పబ్లిక్ స్కూలు ఏదైనా వాళ్ళ ఎదుటికి వెళ్ళే దారి తెరిచే ఉంచండి. వేరే పెడితే పై టైటిల్స్ రెండవుతాయి, రెండో దాని మీద ఎవరికీ గౌరవం ఉండదు, దాన్ని గెలిచిన పిల్లలకే ముందు తెలుస్తుంది అది. కానీ ప్రతి స్కూలూ, పబ్లిక్కైనా ప్రైవేటైనా, ఏటా మూడు లెక్కలు పేర్లు లేకుండా బయటపెట్టాలి: ఫుట్‌బాల్ జట్టులోకి ఈ ఏడాది వేరే స్కూళ్ళ నుంచి ఎంతమంది వచ్చారు, తొమ్మిదో తరగతిలో చేరినవాళ్ళలో ఎంతమంది అదే స్కూల్లో పన్నెండు పూర్తిచేశారు, ఫీజు సాయం తీసుకుంటున్న ఆటగాళ్ళలో ఎంతమందికి ఆట మానేశాక కూడా ఆ సాయం కొనసాగింది. మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యం. మోకాలు విరిగిన పిల్లాడికి ఫీజు సాయం ఆగిపోయే స్కూలు ఎన్ని కప్పులు గెలిస్తే నాకేంటి? అది ఆగకుండా చూసే స్కూలు ఉంటే, దాని చేతిలో మా వాడు 49-7తో ఓడిపోతే నేను లేచి నిలబడి చప్పట్లు కొడతాను.

భద్రత మాట కూడా నేను కొట్టిపారెయ్యడం లేదు. ఆ రాత్రి మా ఆవిడ కార్లో ఏడ్చింది, నేనూ రెండుసార్లు కళ్ళు మూసుకున్నాను. కానీ ఆ మ్యాచ్ లీగుది కాదు, ప్లేఆఫ్స్‌ది కాదు. సీజన్ మొదట్లో కోచ్‌లు మాట్లాడుకుని పెట్టుకున్న మ్యాచ్. మా కోచ్ ఏరికోరి ఆ జట్టుని పిలిచాడు. కాబట్టి ప్లేఆఫ్స్‌ని రెండు ముక్కలు చేసినా ఆ మ్యాచ్ ఆగేది కాదు, మన ప్రశ్న ఉంటే అది మన స్కూలు ఆఫీసులోనే అడగాలి. 2001లో లాంగ్ బీచ్ పాలీ, పబ్లిక్ స్కూలు, అప్పటికి ఎన్నో ఏళ్ళుగా ఓటమి తెలియని డి లా సాల్‌ని ఇలాగే తన ఊరికి పిలిపించుకుంది. దేశంలో ఒకటో జట్టుకీ రెండో జట్టుకీ మధ్య మ్యాచ్ అది. పాలీ 29-15తో ఓడింది. ఇరవయ్యేళ్ళు దాటినా లాంగ్ బీచ్ వాళ్ళు ఆ మ్యాచ్ గురించి చెప్పేటప్పుడు గర్వంగానే చెప్తారు.

మా వాణ్ణి అడిగాను, కాగితం మీద సంతకం పెట్టమంటావా అని. ఫ్రిజ్ ముందు నిలబడి పాలు తాగుతున్నాడు. "ఎందుకు నాన్నా? నాలుగో క్వార్టర్లో వాణ్ణి రెండుసార్లు ఆపాను, చూశావా?" అన్నాడు. నేను చూశాను. మా ఆవిడ చూడలేదు, ఆ రాత్రే వీడియోలో చూపించాడు వాడు, ఆ రెండే, ముందువి కాదు.

మా మిత్రుడు మొన్న ఆదివారం వచ్చి నా మూడు లెక్కల కాగితం చదివాడు. ప్రైవేటు వాళ్ళ విషయంలో ఆయన మాట ఆయనదే, మారలేదు. కానీ చివర్లో పెన్ను అడిగి తన చేత్తో నాలుగోది రాశాడు: మ్యాచ్‌కి ముందే రెండు జట్ల లైన్‌మన్‌ల బరువులు చూసి, తేడా మరీ ఎక్కువుంటే ఆ మ్యాచ్ ఒప్పుకోవాలా వద్దా అన్నది పేరెంట్స్‌తో మాట్లాడాకే కోచ్ తేల్చాలి. నాకు దాని మీద కొంత అనుమానం ఉంది, అయినా కొట్టెయ్యలేదు. మంగళవారం స్కూలు బోర్డు మీటింగుకి ఇద్దరం కలిసి వెళ్తున్నాం, ఆయన కార్లోనే.